ముందే నింపిన ఫారం

ఆటల ఆఫీసులో, ఆటగాళ్ళ చదువు సంగతి చూసే మిస్ వెర్లీన్ బల్ల మీద ఏడు పసుపు ఫారాలు వరసగా పరిచి ఉన్నాయి. ఎజ్రా మేబ్రీ కుర్చీలో కూర్చునేలోపే వాటిని తలకిందులుగానే చదివేశాడు. పేర్లు మాత్రం పెన్నుతో రాసి ఉన్నాయి. పేరు కింద, ఏం చదువుతావు అన్న గడిలో, ఏడింటిలోనూ ఒకటే మాట అచ్చయి ఉంది: జనరల్ స్టడీస్. అతనిది మూడో ఫారం.

ఆమె ఒక్క వేలితో ఆ ఫారాన్ని అతని వైపు తిప్పింది. సంతకం పెట్టాల్సిన చోట ఎర్రటి బాణం గుర్తు అంటించి ఉంది. దాని పక్కనే పెన్ను పెట్టింది.

"అక్కడ పెట్టెయ్, నాన్నా. బాణం దగ్గర."

ఎజ్రా పెన్ను తీసుకోలేదు. మూడు వందల పౌన్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ కుర్చీలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వేళ్ళ కణుపులకు చుట్టిన తెల్ల టేపు ప్రాక్టీసు మట్టితో గోధుమరంగుకు తిరిగింది.

"నేను పశుశాస్త్రం అని చెప్పాను మేడం. ఏప్రిల్లో, యూనివర్సిటీ చూడ్డానికి వచ్చినప్పుడు."

"చెప్పావు. గుర్తుంది."

"చిన్న బండిలో ఎక్కించుకుని పశువుల కొట్టం కూడా చూపించారు."

"అందరికీ అన్నీ చూపిస్తాం నాన్నా." ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. వాడిన కవరు ఒకటి తీసి, దాని వెనక పెన్సిలుతో అంకెలు వెయ్యడం మొదలుపెట్టింది. ఈ లెక్క ఎన్నో వందలసార్లు వేసిన చెయ్యి అది, చూడకుండానే నడుస్తోంది. "డిగ్రీకి నూట ఇరవై క్రెడిట్లు కావాలి. మూడో ఏడు మొదలయ్యేసరికి నలభై శాతం అయిపోయి ఉండాలి, అంటే నలభై ఎనిమిది. అంతకన్నా తక్కువుంటే ఆ ఏడాది నిన్ను మైదానంలో దిగనివ్వరు. ఇది మనం పెట్టిన రూలు కాదు, దేశమంతా ఇదే. నువ్వు పాత కాలేజీలో సంపాదించినవి అరవై ఒకటి. జనరల్ స్టడీస్‌లో అరవై ఒకటీ చెల్లుతాయి. పశుశాస్త్రం వాళ్ళు నలభై నాలుగే ఒప్పుకుంటారు."

"నాలుగు తక్కువ."

"నాలుగు తక్కువ. శనివారం మొదటి ఆట. నువ్వు రైట్ గార్డువి, మొదటి జట్టులో ఉన్నావు. ఇంకేం చెప్పను?"

"ఈ ఏడు చదివితే వచ్చే ఏటికి సరిపోతాయి కదా మేడం?"

ఆమె పెన్సిలు ఆగింది. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎక్కువమంది లేరేమో, జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "సరిపోతాయి. కానీ వచ్చే ఏటికి నీ చోట్లో ఇంకొకణ్ణి వేరే కాలేజీ నుంచి తెచ్చుకుంటారు. నిన్ను తెచ్చినట్టే. పైగా వాళ్ళ ల్యాబు మంగళవారం, గురువారం రెండున్నరకి. మన ప్రాక్టీసూ రెండున్నరకే."

కిటికీలోంచి ప్రాక్టీసు మైదానం కనిపిస్తోంది. ఎవరో గడ్డి మీద సున్నం గీతలు కొత్తగా వేస్తున్నారు.

"గురువారం సాయంత్రం ఐదు దాకా చూస్తాను," అంది మిస్ వెర్లీన్. "ఆ తర్వాత నా చేతిలో ఉండదు." ఫారాన్ని మళ్ళీ మూడో స్థానంలో, అంచులు కలిసేలా సర్దింది.

హాస్టల్ గదిలో రూబెన్ టోల్బర్ట్ మంచం మీద కాళ్ళు గోడకు ఆనించి పడుకుని ఉన్నాడు. ఎజ్రా పక్కన నిలబడి ఆడేది అతనే. ఇదే యూనివర్సిటీలో ఐదో ఏడు. మోకాళ్ళకు రెండు ఐసు సంచులు కట్టి ఉన్నాయి.

"పెట్టావా?"

"లేదు."

"లేదా." రూబెన్ తల మాత్రం ఇటు తిప్పాడు. "ఒరేయ్, జనరల్ స్టడీస్ అంటే ఏమనుకున్నావు? నాలుగేళ్ళు చదివాను. అందులో పాటలు వినడం ఉంది. పార్కులు నడపడం ఉంది. ముసలితనం గురించి ఒక పేపరుంది, దానికి 'ఏ' గ్రేడొచ్చింది. ఇవన్నీ కలిపితే ఏ ఉద్యోగమొస్తుందని మిస్ వెర్లీన్ని అడిగాను. పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది."

ఎజ్రా నవ్వాడు. "నువ్వేం చదువుదామని వచ్చావు?"

"ఇళ్ళ నక్షాలు గీయడం."

"మరి?"

"మరేముంది. వాళ్ళ క్లాసు మధ్యాహ్నం." రూబెన్ ఐసు సంచి సర్దుకున్నాడు. ఒక మోకాలి నుంచి నీళ్ళు కారి దుప్పటి తడుస్తోంది, పట్టించుకోలేదు. "పెట్టెయ్ రా. పెట్టకపోతే నా పక్కన ఆ టెక్సస్ పిల్లాణ్ణి నిలబెడతారు. వాడు ఎడమకు తిరగమంటే ఏ చేత్తో అన్నం తింటాడో గుర్తు తెచ్చుకుని అప్పుడు తిరుగుతాడు."

మంగళవారం పొద్దున క్లాసులకూ ప్రాక్టీసుకూ మధ్య గంటన్నర ఖాళీ ఉంది. ఆ టైములో ఆటగాళ్ళు తింటారు, నిద్రపోతారు. ఎజ్రా చేతిలో రెండు చికెన్ శాండ్‌విచ్‌లు పట్టుకుని, స్టేడియం వెనక రైలు పట్టాలు దాటి, ఎండలో మైలున్నర నడిచి పశువుల కొట్టానికి వెళ్ళాడు.

పశుశాస్త్రం చెప్పే డాక్టర్ ఫెస్లర్ అక్కడ రబ్బరు బూట్లతో నిలబడి నేలను నీళ్ళ గొట్టంతో కడుగుతోంది. అరవై దాటిన మనిషి, సన్నగా, మెడ దగ్గర ఎండకు కమిలిపోయి ఉంది. ఆమె వెనక, ఇనుప చట్రంలో, ఒక నలుపు తెలుపు ఆవు తాపీగా నెమరేస్తోంది. దాని ఎడమ డొక్కలో పళ్ళెమంత గుండ్రటి రబ్బరు మూత బిగించి ఉంది.

"స్టేడియం అటు," అంది ఆమె, అతని ఒడ్డూ పొడుగూ చూసి.

"తెలుసు మేడం. చూడ్డానికి వచ్చాను."

"ఏం చూస్తావు?"

"కడుపులోకి చెయ్యి పెట్టి చూడ్డానికి ఇలాంటి మూతున్న ఆవు మా పాత కాలేజీలో లేదు. పుస్తకంలో చూశాను."

ఆమె నీళ్ళు కట్టేసింది. "చెయ్యి చూపించు." అతను చాపాడు. ఆమె ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో గిట్ట చూసినట్టు. "గొర్రెలకు పనికిరావు. ఈ చెయ్యి లోపలికెళితే గొర్రె చచ్చిపోతుంది. ఆవులకు ఫరవాలేదు." గోడకున్న పెట్టెలోంచి భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు తీసి ఇచ్చింది. అది అతని మోచేతి పైకి రాలేదు, అక్కడే చిరిగింది. "సర్లే, తర్వాత కడుక్కో."

ఆమె మూత తిప్పి తీసింది. పులిసిన గడ్డి వాసన వెచ్చగా మొహానికి కొట్టింది. ఎజ్రా ఆవు వెన్ను మీద ఎడమ చెయ్యి వేసి, కుడి చెయ్యి నెమ్మదిగా లోపలికి పోనిచ్చాడు. పైన గడ్డి చాపలా మందంగా ఉంది. దాని కింద వేడి నీళ్ళు. చెయ్యి భుజం దాకా మునిగింది. ఆవు నెమరు ఆపలేదు. అతను కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి లోపలి గోడ మెల్లగా ముడుచుకుని, అతని చేతిని అన్ని వైపుల నుంచీ నొక్కి, వదిలింది.

"లెక్కపెట్టు," అంది డాక్టర్ ఫెస్లర్, వాచీ చూస్తూ. "నిమిషానికి ఎన్నో."

మొదటి జట్టులో నిలబడిన రోజున కూడా అతనికి ఊపిరి ఇంత నిదానంగా ఆడలేదు. రెండు నిమిషాలు లెక్కపెట్టి, "మూడు. నిమిషానికి ఒకటిన్నర," అన్నాడు.

"బాగానే ఉంది. తిన్నది వంటబడుతోంది." ఆమె మూత బిగించింది. "మీవాళ్ళెవరూ ఇటు రారు. పదకొండేళ్ళలో ఒక్క ఈతగత్తె వచ్చింది."

"ఎందుకు రారు?"

"నన్నడుగుతావేం. రెండున్నరకి ఈల ఊదేది నేను కాదు." గొట్టం మళ్ళీ తీసుకుంది. "రావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో చదువు మార్చుకునే తెల్ల ఫారం ఉంటుంది. తీసుకురా, నా సంతకం పెడతాను. ఇవాళ మొదటి ల్యాబు పోతే పోయింది, గురువారం వస్తే సర్దుకోవచ్చు."

ఆ మధ్యాహ్నం ప్రాక్టీసులో అతని పక్కన ఎవరూ నిలబడలేదు. "ఏదో చచ్చింది ఇక్కడ," అన్నాడు రూబెన్, ముక్కు మూసుకుని. "ఏదో చచ్చి, లేచొచ్చి, గార్డు ఆడుతోంది."

బుధవారం కోచ్ స్ట్రోడ్ ముందు వరసవాళ్ళను ఇనుప బండి తోయడానికి పెట్టాడు. రైట్ గార్డుకి బంతి ఎప్పుడూ చేతికి రాదు. బంతి ఉన్నవాడి ముందు గోడలా నిలబడి, ఎదురొచ్చినవాణ్ణి తొయ్యడమే అతని పని. ఎజ్రా మొదటి అడుగు పొట్టిగా వేసి, నడుము దించి, అరచేతులు బండికున్న మెత్తలకు ఆనించి తోశాడు. బండి మీద కోచ్ నిలబడి ఉన్నాడు. ఇరవై గజాలు వెళ్ళాక ఈల ఊది దిగాడు. మిగతావాళ్ళు నీళ్ళకు పరిగెత్తారు. ఎజ్రాను మాత్రం భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఇంకా సంతకం పెట్టలేదంట."

"లేదు కోచ్."

"అబ్బాయ్, నీ పాత కోచ్ ఫోన్లో నాకొకటే చెప్పాడు. 'వాడు మాట వినే పిల్లాడు, మారు మాట్లాడడు' అని. అది విని తెచ్చుకున్నాను నిన్ను."

ఎజ్రా హెల్మెట్ తీశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"ఆట అయిపోయాక ఆవులెక్కడికీ పోవు," అన్నాడు కోచ్.

"ఆట అయిపోయాక నేనెక్కడుంటాను కోచ్?"

కోచ్ స్ట్రోడ్ ముఖంలో కోపం రాలేదు. విననట్టు టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "నీ చదువు ఖర్చు ఎవరు పెడుతున్నారో ఒకసారి ఆలోచించుకో. ఆటకు పనికిరాకుండా నీకు నువ్వే చేసుకుంటే, అది తీసేసే హక్కు మాకుంది. బెదిరించడం లేదు. ఉన్నది చెబుతున్నాను." ఈల నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అన్నం హాల్లోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఎజ్రా ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె గొంతు వెనక ఇంజను చప్పుడు ఉంది.

"చర్చి వ్యాను మాట్లాడాను," అంది, అతను నోరు తెరిచేలోపే. "పద్నాలుగు మందిమి. మీ అత్త నీ అరవై ఏడో నంబరు చొక్కాలు కుట్టించింది. పాస్టరుగారిక్కూడా. ఆయన పొట్ట మీద ఆరు ఒకవైపు, ఏడు ఒకవైపు పోయాయి."

"అమ్మా, నేను శనివారం ఆడకపోవచ్చు."

ఇంజను ఆగింది. "దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరేంటి?"

అతను చెప్పాడు. నలభై నాలుగు, నలభై ఎనిమిది, రెండున్నర, పసుపు ఫారం, ఆవు డొక్కలో మూత, దాని కడుపు నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకుందో లెక్కపెట్టడం. ఆమె అంతా విని, "సంతకం పెడితే నీ చెయ్యి అరిగిపోతుందా?" అంది.

"నేను వచ్చింది దానికోసం కాదమ్మా."

"నువ్వు వెళ్ళగలిగిందే ఆటవల్ల. అది మర్చిపోకు. అక్కడ చేరినవాళ్ళు మన ఊళ్ళో ఎంతమందున్నారు? చెప్పు. వాళ్ళు తీసేస్తే నీకోసం నేనేం అమ్మను, బస్సు అమ్మనా? అది కౌంటీ వాళ్ళది."

"తెలుసమ్మా."

"తెలిస్తే పెట్టు." ఆమే మళ్ళీ, "వ్యాను వద్దని చెప్పనా?" అంది.

ఫోన్ అవతల ఇంజను మళ్ళీ మొదలైంది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి రిజిస్ట్రార్ ఆఫీసు తలుపు తీసేసరికి ఎజ్రా మెట్ల మీదున్నాడు. గుమాస్తా పొట్టి మనిషి, మెడలో తాళాల గుత్తి. తెల్ల ఫారం ఇచ్చింది. అతను దాన్ని కొట్టానికి తీసుకెళ్ళి డాక్టర్ ఫెస్లర్ చేత సంతకం పెట్టించుకుని, మళ్ళీ మైలున్నర నడిచి వచ్చాడు. తన సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. చెమటకు కాగితం మూల మెత్తబడింది.

"మూడో సంతకం ఎక్కడ పెట్టించాలి?" అని గుమాస్తాను అడిగాడు.

"ఎవరి సంతకం?"

"మా కౌన్సిలర్‌ది. ఆటల ఆఫీసులో, మిస్ వెర్లీన్."

"ఆమెదెందుకు?"

ఎజ్రా కాగితం చూశాడు. విద్యార్థి అని ఒక గీత. డిపార్ట్‌మెంటు అని ఒక గీత. వెనక్కి తిప్పాడు. ఖాళీగా ఉంది.

"పసుపు ఫారంలో ఉంటుంది," అన్నాడు.

"మీ పసుపు ఫారం సంగతి నాకు తెలీదు. అది మీ భవనంలో మీరు అచ్చేసుకున్నది. అక్కడి నుంచి మాకు కట్టలు కట్టలు వస్తాయి, మేం ఎక్కించుకుంటాం. యూనివర్సిటీకి కావలసింది ఈ రెండు సంతకాలే. నేనొచ్చినప్పటి నుంచీ ఇదే ఫారం." ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "అంటే మీవాళ్ళు చదువు మార్చుకోవాలంటే ఆమెను అడగాలనుకుంటున్నారా?"

"అందరూ అలాగే అనుకుంటున్నారు మేడం."

"ఎప్పటినుంచి?"

అతనికి తెలియదు. గుమాస్తా ముద్ర వేసే దిమ్మను దగ్గరికి లాక్కుని ఎదురుచూసింది. గోడ గడియారంలో పదీ నలభై. ఎజ్రా అక్కడున్న పెన్ను, గొలుసుతో బల్లకు కట్టింది, అందుకున్నాడు. గొలుసు చాల్లేదు. కాగితాన్నే పెన్ను దగ్గరికి జరిపి, వంగి, తన పేరు మొత్తం రాశాడు. ఎజ్రా లూషస్ మేబ్రీ.

ముద్ర చప్పుడు చిన్నదే.

నకలు తీసుకుని నేరుగా మిస్ వెర్లీన్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె బల్ల మీద ఇప్పుడు ఒకటే పసుపు ఫారం ఉంది. పెన్ను పక్కనే ఉంది. ఆమె నకలు అందుకుని చదివింది. వేలు కిందికి జారుతూ ఏదో గీత కోసం వెతికింది. తర్వాత ఆమె కూడా కాగితం వెనక్కి తిప్పింది.

"నన్ను అడగకుండానే."

"అందులో మీ గడి లేదు మేడం."

ఆమె చాలాసేపు ఆ వెనక పేజీనే చూసింది. ఈ గదిలో గోడల నిండా ఫోటోలున్నాయి, పెద్ద పెద్ద భుజాల కుర్రాళ్ళు, పట్టా టోపీలతో ఆమె పక్కన నవ్వుతూ. "పందొమ్మిదేళ్ళ కింద నాకీ పసుపు కట్ట ఇచ్చి, ఇది నింపించు అన్నారు," అంది. "నేనూ అడగలేదు." నకలు తిరిగి ఇచ్చేసింది. "ఈ శనివారం నువ్వు ఆడలేవు. అది మాత్రం నిజం. తెలిసే పెట్టావు కదా?"

"తెలిసే పెట్టాను."

"నా చేత కబురు పంపకు. కోచ్‌తో నువ్వే చెప్పు."

ముందు వరసవాళ్ళు రెండింటికి టేపు చుట్టించుకుంటున్నారు. ఎజ్రా మామూలు బట్టల్లో లోపలికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. కోచ్ స్ట్రోడ్ తెల్ల బోర్డు మీద గీతలు గీస్తున్నాడు.

"కోచ్, నేను చదువు మార్చుకున్నాను. ముద్ర పడింది. శనివారం ఆడడానికి రూలు ఒప్పుకోదు. ఇప్పుడు ల్యాబుంది, నాలుగున్నరకి అయిపోతుంది. అయిన వెంటనే ప్రాక్టీసుకొస్తాను. రోజూ వస్తాను."

టేపు చుట్టే మనిషి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. కోచ్ మార్కరు మూత పెట్టాడు. "నిన్న ఏం చెప్పానో గుర్తుందా?"

"గుర్తుంది."

"అయితే నీ స్కాలర్‌షిప్ పోయినట్టే."

"కాగితం మీద రాసివ్వండి కోచ్."

"ఏంటి?"

"తీసేస్తున్నామని, ఎందుకు తీసేస్తున్నామో, కింద మీ సంతకం పెట్టి ఇవ్వండి. ఫలానా చదువు చదువుతానన్నాడు కాబట్టి అని రాయండి. నేను తీసుకెళ్ళి ఎవరికి చూపించాలో వాళ్ళకు చూపిస్తాను." ముద్ర పడిన నకలు తీసి చూపించాడు. "ఏప్రిల్లో మీరే కొట్టం చూపించారు."

గదిలో పద్దెనిమిది మంది ఉన్నారు. కోచ్ స్ట్రోడ్ బోర్డు వైపు తిరిగాడు. రైట్ గార్డు ఉండే చోట గీసిన సున్నాను అరచేత్తో తుడిచేశాడు. తుడిచి, ఆ చేతిని ప్యాంటుకు రాసుకుని, "టేపు చుట్టండి, ఆలస్యమవుతోంది," అన్నాడు. కాగితం సంగతి మాట్లాడలేదు.

ఐదు కావస్తుండగా ఎజ్రా పట్టాలు దాటి పరిగెత్తుకుంటూ వచ్చి, బట్టలు మార్చుకుని మైదానంలో దిగాడు. అతన్ని ప్రాక్టీసు కోసం ఎదుటి జట్టు వేషం కట్టేవాళ్ళలోకి, ఎవరూ పేరు పెట్టి పిలవనివాళ్ళలోకి పంపారు. ఎదురుగా అతని చోట్లో టెక్సస్ పిల్లాడు. బంతి మొదటిసారి కదలగానే ఎజ్రా పొట్టి అడుగు వేసి, అరచేతులు వాడి గుండెకు ఆనించి, వెల్లకిలా పడేదాకా తోశాడు. చెయ్యిచ్చి లేపాడు. మళ్ళీ తోశాడు. మూడోసారి రూబెన్ మధ్యలో వచ్చి, "డాక్టరుగారూ, కాస్త చూసి, వాడు మా పిల్లాడు," అన్నాడు. కోచ్ ఈల ఊదలేదు, ఆపలేదు. చీకటి పడేదాకా అలాగే ఆడనిచ్చాడు.

శుక్రవారం ఏ కాగితమూ రాలేదు. శనివారం మైదానం గీత పక్కన నిలబడడానికి కూడా వీల్లేదని మాత్రం కబురొచ్చింది.

వ్యాను వచ్చింది. ఎజ్రా స్టేడియం పైవరసల్లో, ఎండ పడే వైపు, పద్నాలుగు అరవై ఏడో నంబరు చొక్కాల మధ్య కూర్చున్నాడు. వాళ్ళమ్మ అతనితో ఇంకా సరిగ్గా మాట్లాడలేదు. వేయించిన చికెన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి అందరికీ ఇచ్చింది. అతనికి మాత్రం రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది. కింద టెక్సస్ పిల్లాడు ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగాడు. బంతి పట్టుకున్నవాడు నేల కరిచాడు. ఎజ్రా కాళ్ళు వాటంతటవే పొట్టి అడుగు వేశాయి, ముందు సీటుకు తగిలాయి.

ఆ సీట్లో ఉన్నాయన వెనక్కి తిరిగాడు. మెడలో యూనివర్సిటీ రంగుల పూసలున్నాయి. ఎజ్రాను చూశాడు, అందరి చొక్కాలూ చూశాడు. "నువ్వు మేబ్రీవి కదూ? రైట్ గార్డు. ఇక్కడేం చేస్తున్నావయ్యా? అక్కడ మనవాణ్ణి చంపేస్తున్నారు. దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

"మరి? తాగి దొరికావా? పరీక్ష తప్పావా?"

ఎజ్రా నోరు తెరిచాడు. వాళ్ళమ్మ డబ్బా మూత పెట్టి, చేతులు తుడుచుకుని, ముందుకు వంగింది. ముప్ఫై మంది పిల్లలున్న బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు ఆమెది.

"వాడేం తప్పలేదు," అంది. "మావాడికి ల్యాబుంది. ఆవు డొక్కలో భుజం దాకా చెయ్యి పెడతాడు. నువ్వు పెడతావా?"

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మెల్లగా ముందుకు తిరిగాడు. ఆమె వెనక్కి ఆనుకుని, కింద ఆట వైపు చూస్తూ, కొడుకుతో అంది, "ఇప్పుడు చెప్పు. ఆ కడుపు నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకోవాలంటావు?"